ఇంకా సరళీ వరుసలేనా? నెమ్మది సాధన వెనక ఉన్న లెక్క

క్లుప్తంగా: సంగీతంలో ఒకే పాఠాన్ని నిదానంగా, మళ్లీ మళ్లీ పాడించడానికి కారణం ఉంది. తప్పు చెవికి దొరికేంత నిదానం ఉంటేనే దాన్ని దిద్దుకోవడం సాధ్యమవుతుంది. అయితే ఎన్నిసార్లు పాడారన్న లెక్క ఒక్కటే సరిపోదు. విని సరిచేసే చెవి, మధ్య మధ్య విరామం, వేగం పెంచే క్రమం కూడా ఉండాలి. వారానికి రెండు క్లాసుల ఇప్పటి పద్ధతిలో బాగా తగ్గిపోయింది విని సరిచేసే చెవి.

వేసవి సెలవులు రాగానే విజయవాడ, గుంటూరుల్లో సంగీతం, నృత్యం, చిత్రలేఖనం శిక్షణ శిబిరాల బోర్డులు వెలుస్తాయి. నెల రోజుల్లో కీబోర్డు, నలభై రోజుల్లో నృత్యం లాంటి మాటలు వాటి మీద కనిపిస్తాయి. అదే వీధిలో, ఇంటి దగ్గర పాఠం చెప్పే టీచరు వద్ద చేరిన అమ్మాయి ఆరు నెలలైనా సరళీ వరుసలు, జంట వరుసలు అనే తొలి స్వర పాఠాల దగ్గరే ఉంటుంది. పక్కింటి అబ్బాయి కీబోర్డు మీద సినిమా పాట వాయిస్తుంటే "మనమ్మాయికి ఇంకా ఒక్క పాటా రాలేదేంటి?" అని ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. క్లాసు మానిపించాలా, టీచరును మార్చాలా అన్న చర్చ అక్కడి నుంచే వస్తుంది.

ఈ పోలికలో ఒక చిక్కుంది. పాట వాయించడం బయటికి కనిపిస్తుంది. చెవికి శ్రుతి పట్టుబడటం, తాళం ఒంట్లోకి ఇంకడం కనిపించవు. ఇద్దరికీ ఒక కొత్త పాట ఇచ్చి చూస్తే గానీ తేడా తెలియదు. వేళ్ల వరుసను బట్టీ పట్టిన అబ్బాయి మళ్లీ మొదటి నుంచి బట్టీ పట్టాలి. స్వరం తెలిసిన అమ్మాయి చూసి పాడగలుగుతుంది. అలాగని తల్లిదండ్రుల ప్రశ్నను కొట్టిపారేయడానికీ లేదు. నెమ్మది పేరుతో నిజంగానే కాలం వృథా అయ్యే క్లాసులు ఉంటాయి. ఏ నెమ్మది పనికొస్తుందో, ఏది పనికిరాదో తేలాలంటే అసలు ఆ పద్ధతి లోపల ఏం జరుగుతుందో చూడాలి.

## మూడు కాలాల లెక్క

కర్ణాటక సంగీతంలో ప్రారంభ పాఠాలకు ఒక క్రమాన్ని ఏర్పరిచింది 16వ శతాబ్దపు పురందరదాసు అని చెబుతారు. ముందు సరళీ వరుసలు, తర్వాత జంట వరుసలు, దాటు వరుసలు, సప్త తాళ అలంకారాలు. అవి దాటాక గీతాలు, స్వరజతులు, వర్ణాలు, ఆపైన కీర్తనలు. వరుసలు, అలంకారాలు అన్నీ ఒకే రాగంలో, మాయామాళవగౌళలో నేర్పుతారు.

మొదటి సరళీ వరుసనే తీసుకుంటే, అది ఆది తాళంలో ఉంటుంది. తాళం ఒక చుట్టును ఆవర్తనం అంటారు, ఈ తాళంలో ఆవర్తనానికి 8 అక్షరాలు, అంటే చేతి లెక్కలు. ఎక్కేటప్పుడు 8 స్వరాలు, దిగేటప్పుడు 8, మొత్తం 16. కాలం అంటే పాడే వేగం. మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం కాబట్టి వరుస పూర్తి కావడానికి రెండు ఆవర్తనాలు పడుతుంది. రెండో కాలంలో అక్షరానికి రెండు స్వరాలు, ఒక్క ఆవర్తనంలో అయిపోతుంది. మూడో కాలంలో అక్షరానికి నాలుగు. సగం ఆవర్తనంలోనే ముగుస్తుంది కనుక రెండుసార్లు పాడితే తాళం నిండుతుంది.

ఇక్కడ గమనించాల్సింది చేతిని. తొడ మీద తాళం వేసే చేయి మూడు కాలాల్లోనూ ఒకే వేగంతో కదులుతుంది, మారేది గొంతు మాత్రమే. అదీ ఇష్టం వచ్చినంత పెరగదు, సరిగ్గా రెట్టింపు కావాలి. గొంతు తొందరపడినా వెనకబడినా చేతితో కలవదు, తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది. మెట్రోనోమ్ అనే లయ కొట్టే యంత్రం లేని రోజుల్లో ఈ పద్ధతి శిష్యుడి చేతినే అతని కొలబద్దగా చేసింది. ఎంతో ఆలోచించి చేసిన ఏర్పాటు ఇది.

రాగం ఎంపికలోనూ ఇలాంటి ఆలోచనే కనిపిస్తుంది. మేళకర్తలనే 72 మూల రాగాల్లో మాయామాళవగౌళ 15వది. షడ్జమం (స) నుంచి శుద్ధ ఋషభానికి (రి) అరమెట్టు, అక్కడి నుంచి అంతర గాంధారానికి (గ) మెట్టున్నర, అక్కడి నుంచి శుద్ధ మధ్యమానికి (మ) మళ్లీ అరమెట్టు. పంచమం (ప) నుంచి పై షడ్జమం దాకా చూస్తే శుద్ధ ధైవతం (ద), కాకలి నిషాదాలతో (ని) అచ్చంగా అవే దూరాలు. కింది సగం గొంతుకు పట్టుబడితే పై సగం సగం వచ్చినట్టే. తర్వాత వచ్చే తొలి గీతాలు మలహరి రాగంలో ఉండటం కూడా ఇందుకే ఉపయోగపడుతుంది. మలహరిలో నిషాదం ఉండదు. మిగిలిన స్వరస్థానాలన్నీ పిల్లలు నెలల తరబడి పాడినవే. పాట కొత్తది, మెట్లు పాతవి.

ఒక్కో మెట్టులో ఒక్క కష్టమే కొత్తగా చేరుతుంది. సరళిలో స్వరం పక్క స్వరానికి వెళ్తుంది. జంటలో అదే స్వరాన్ని రెండుసార్లు, రెండోదాన్ని నొక్కి పలకాలి. దాటులో మధ్య స్వరం వదిలి గెంతాలి. అలంకారాల్లో తాళం మారుతుంది. ఒకేసారి రెండు కష్టాలు మీద పడవు. తప్పు వస్తే దేనివల్ల వచ్చిందో టీచరుకు వెంటనే తెలుస్తుంది.

## తప్పు దొరికే వేగం

నిమిషానికి 60 అక్షరాల చొప్పున తాళం వేస్తున్నారనుకుందాం. మొదటి కాలంలో ఒక్కో స్వరం ఒక సెకను నిలుస్తుంది. రెండో కాలంలో అర సెకను, మూడో కాలంలో పావు సెకను. ఒక శబ్దాన్ని విని, తెలిసి స్పందించడానికి మనిషికి దాదాపు సెకనులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు పడుతుంది. అంటే మూడో కాలంలో గాంధారం జారిందని చెవి పట్టుకునేసరికి గొంతు మధ్యమం మీద ఉంటుంది. జరిగిన తప్పు తెలుస్తుంది గానీ జరుగుతుండగా దిద్దే వీలు లేదు. మొదటి కాలంలో అదే గాంధారం జారితే, వినడానికీ, పైకి లాగి శ్రుతిలో నిలబెట్టడానికీ, నిలబడిందో లేదో చూసుకోవడానికీ సమయం మిగులుతుంది.

సాధనలో నిదానం అంటే ఇదే. తప్పును పట్టుకుని ఆ స్వరం దాటకముందే దిద్దుకోగలిగే వేగం. అది ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది, ఒకే మనిషికి పాఠాన్ని బట్టి మారుతుంది కూడా. పదేళ్లుగా పాడుతున్నవారికి సరళి మూడో కాలం కూడా నిదానమే. కొత్త వర్ణం వాళ్లకూ మొదటి కాలంలో మొదలవుతుంది.

నైపుణ్యాలు ఎలా అబ్బుతాయో పరిశీలించిన పాల్ ఫిట్స్, మైకేల్ పోస్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1967లో దీన్ని మూడు దశలుగా వివరించారు. మొదటి దశలో ప్రతి కదలికనూ ఆలోచించి చేస్తాం. రెండో దశలో తప్పులు తగ్గి కదలికలు ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. మూడో దశలో ఆలోచన లేకుండానే జరిగిపోతాయి. సైకిల్ నేర్చుకున్న అందరికీ ఇది అనుభవమే. ఇబ్బందల్లా మూడో దశలోకి ఏది చేరుతుందన్నదే. నాడీ వ్యవస్థకు ఒప్పు తప్పుల తేడా తెలియదు, తరచుగా జరిగేదాన్ని అది స్థిరపరుస్తుంది. వేగంగా, కొంచెం జారుతున్న గాంధారంతో వందసార్లు పాడితే జారే గాంధారమే నోటికి వస్తుంది. తప్పు నోటికెక్కితే దించడం కష్టమని టీచర్లు మొదటి నెలలో అంత పట్టుబట్టడానికి కారణం ఇదే.

నిదానం సులువు అనుకోవడం కూడా పొరపాటే. మొదటి కాలంలో స్వరాన్ని వణకకుండా నిలపాలంటే ఊపిరి కావాలి. వయొలిన్ కమానును నెమ్మదిగా, ఒకే ఒత్తిడితో లాగడం వేగంగా లాగడం కన్నా కష్టం. విజయవాడకు 50–60 కిలోమీటర్ల దూరంలో ఉన్న కూచిపూడి గ్రామం పేరుతో ప్రసిద్ధమైన నృత్యంలోనూ అడుగులను మూడు కాలాల్లో చేయిస్తారు. మోకాళ్లు వంచి అర్ధమండలిలో నిలబడి నెమ్మది కాలంలో అడుగు వేస్తే తొడల మీద భారం ఎక్కువసేపు నిలుస్తుంది. వేగం పెరిగితే ఊపు శరీరాన్ని మోస్తుంది, నడుము పైకి లేచిపోయినా చూసేవారికి వెంటనే తెలియదు. నెమ్మది కాలంలో అలా దాచుకునే చోటు లేదు.

## చెక్క మీద తప్పు, గాలిలో తప్పు

అన్ని కళల్లోనూ నెమ్మది ఒకే పని చేయదు. విజయవాడ పక్కనే ఉన్న కొండపల్లిలో బొమ్మ తయారీని చూస్తే తేడా తెలుస్తుంది. తెల్ల పొణికి కర్రను చెక్కి తల, చేతులు, మొండెం విడివిడిగా తయారు చేస్తారు. వాటిని అతికి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులు, ఎగుడుదిగుళ్లు సరిచేసి, పైన రంగులు వేస్తారు. కొత్తగా నేర్చుకునేవాడు ముక్కును కొంచెం ఎక్కువ చెక్కేస్తే ఆ తప్పు బొమ్మ మీదే ఉంటుంది. సాయంత్రం దాకా కళ్లెదుటే ఉంటుంది. పక్కన పెద్దవాళ్లు చెక్కిన బొమ్మతో పెట్టి చూసుకోవచ్చు. మక్కుతో కొంత పూడ్చుకోవచ్చు.

గాలిలో పలికిన స్వరం అలా కాదు. పలికిన మరుక్షణం మాయమవుతుంది. పాడినవారికి మిగిలేది ఒక జ్ఞాపకం, అది కూడా పాడటంలో మునిగి ఉన్న మనసు పట్టుకున్న జ్ఞాపకం. నృత్యం చేసేవారి పరిస్థితి ఇంకా కష్టం. తన భంగిమను తాను చూసుకోలేరు. అందుకే ఈ కళల్లో తప్పును నిలబెట్టి చూపించే ఏర్పాట్లు కావాల్సి వచ్చాయి. ఆగని తంబురా శ్రుతి, కదిలే చేయి, నృత్యశాలలో అద్దం, అన్నిటికీ మించి ఎదురుగా కూర్చుని వినే గురువు.

వేసవి శిబిరాల్లో చిత్రలేఖనం క్లాసు సంగీతం క్లాసు కన్నా త్వరగా ఫలితం చూపడానికి ఇదొక కారణం. కాగితం మీది గీత తన తప్పును తానే చూపిస్తుంది. పిల్లల తెలివిలో తేడా ఏమీ లేదు.

## పదివేల గంటల మాట ఎక్కడిది

సాధన గురించి ఎవరు మాట్లాడినా, పదివేల గంటలు చేస్తే ఎవరైనా నిపుణులవుతారన్న ప్రస్తావన వస్తుంది. దీని మూలం 1993లో ఆండర్స్ ఎరిక్సన్, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి బెర్లిన్ సంగీత అకాడమీలోని వయొలిన్ విద్యార్థుల మీద ప్రచురించిన అధ్యయనం. విద్యార్థులను అత్యుత్తములు, మంచివారు, ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నవారు అని మూడు బృందాలుగా విడదీసి, 18 ఏళ్ల వయసుకు ఒంటరిగా ఎంత సాధన చేశారో లెక్కించారు. సగటున మొదటి బృందం 7,410 గంటలు, రెండోది 5,301, మూడోది 3,420. అత్యుత్తముల సగటు 20 ఏళ్లకు పదివేలు దాటింది. ఆ తర్వాత 2008 ప్రాంతంలో ఈ సగటు ఒక నియమంగా ప్రచారంలోకి వచ్చింది. అది సగటు మాత్రమేనని, గంటలు నింపితే ఎవరైనా నిపుణులవుతారని తాము అనలేదని ఎరిక్సన్ తర్వాత పదే పదే చెప్పాల్సి వచ్చింది.

ఆయన అసలు చెప్పింది సాధన రకం గురించి. ఇంకా చేతకాని దాన్ని ఎంచుకుని, దాని మీదే దృష్టి పెట్టి, తప్పు తెలిసే ఏర్పాటుతో చేసే సాధన. వచ్చిన పాటను హాయిగా వంద సార్లు వాయించడం ఆ లెక్కలోకి రాదు.

గంటల ప్రభావం కూడా అనుకున్నంత లేదని తర్వాతి పరిశోధనలు చూపాయి. బ్రూక్ మాక్నమారా బృందం 2014లో పాత అధ్యయనాలన్నిటినీ కలిపి విశ్లేషించినప్పుడు, సంగీతంలో మనుషుల మధ్య కనిపించే తేడాల్లో దాదాపు 21 శాతాన్ని మాత్రమే ఇలాంటి సాధన వివరించగలిగింది. 2019లో బెర్లిన్ అధ్యయనాన్ని మళ్లీ చేసి చూస్తే అత్యుత్తములకూ మంచివారికీ మధ్య గంటల్లో తేడా కనిపించలేదు. కనీస స్థాయికి చేరడానికి సాధన తప్పనిసరి, ఆపైన ఎవరు ఎంత ఎదుగుతారన్నది ఇంకా చాలా వాటి మీద ఆధారపడుతుందని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

"బాలమురళి ఎనిమిదేళ్లకే కచేరీ చేయలేదా?" అన్న ప్రశ్నకు కూడా ఇక్కడే కొంత జవాబు దొరుకుతుంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ చిన్ననాటి కచేరీకి వేదిక విజయవాడే, త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో. అసాధారణ ప్రతిభ అది, అందులో సందేహం లేదు. అయితే తండ్రి వేణువు వాయించేవారు, తల్లి వీణ వాయించేవారు. ఆ ఇంట్లో పిల్లవాడి చెవికి శిక్షణ క్లాసులో చేరిన రోజున మొదలు కాలేదు. టీవీలో పాటల పోటీలో గెలిచిన పదేళ్ల పిల్లను చూపి ఇంట్లో పిల్లను పోల్చేటప్పుడు, ఆ పిల్ల ఏ వయసు నుంచి ఏం వింటూ పెరిగిందో లెక్కలోకి తీసుకోకపోతే పోలిక అన్యాయమవుతుంది.

## ఆదివారం మూడు గంటలా, రోజూ అరగంటా

స్కూలు, ట్యూషన్ల మధ్య వారమంతా తీరిక లేక ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు కూర్చోబెట్టడం చాలా ఇళ్లలో జరిగేదే. లెక్కకు వారానికి మూడు గంటలు సరిపోయినట్టే ఉంటుంది. ఫలితం మాత్రం రోజూ అరగంట చేసినదానితో సమానంగా ఉండదు. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే, అర్థం లేని అక్షరాలను బట్టీ పడుతూ తన మీదే ప్రయోగం చేసుకుని, ఒకేసారి కుక్కిన దానికన్నా రోజుల మధ్య పంచిన అభ్యాసం తక్కువ పునరావృత్తులతోనే నిలుస్తుందని చూపించాడు.

నిద్ర పాత్ర తర్వాత తేలింది. 2002లో మాథ్యూ వాకర్ బృందం వేళ్లతో ఒక వరుసను వేగంగా నొక్కే పని నేర్పి చూసింది. రాత్రి నిద్రపోయి లేచాక, మధ్యలో అభ్యాసం ఏమీ లేకుండానే, వేగం దాదాపు 20 శాతం మెరుగైంది. 2019లో మరో పరిశోధనలో పది సెకన్లు చేసి పది సెకన్లు ఆగే పద్ధతి పెట్టినప్పుడు, మొదట్లో వచ్చిన మెరుగుదల చాలావరకు ఆ చిన్న విరామాల్లోనే కనిపించింది. సంప్రదాయ పాఠంలో గురువు ఒక వరుస పాడతారు, శిష్యుడు ఆగి వింటాడు, తర్వాత తాను పాడతాడు. వినయం కోసం పెట్టినట్టు కనిపించే ఆ విరామం నేర్చుకోవడానికీ పనికొస్తుండవచ్చు. బెర్లిన్ అధ్యయనంలో మెరుగైన విద్యార్థులు మిగతావారికన్నా ఎక్కువ నిద్రపోయేవారన్న సంగతి గంటల ప్రచారంలో మరుగున పడింది.

ఇంకో విషయం తల్లిదండ్రులను, కొందరు టీచర్లను కూడా తప్పుదారి పట్టిస్తుంది. ఒకే వరుసను ముప్పైసార్లు వరుసగా పాడితే ముప్పయ్యోసారి చాలా బాగా వస్తుంది. మూడు వరుసలను మార్చి మార్చి పదేసిసార్లు పాడితే ఏదీ అంత బాగా రాదు. రెండు రోజుల తర్వాత చూస్తే మాత్రం రెండోవారే మెరుగ్గా పాడే అవకాశం ఎక్కువ. 1979లో జాన్ షీ, రాబిన్ మోర్గాన్ చేతి కదలికల మీద చేసిన ప్రయోగంలో ఇదే తేలింది. కారణం ఊహించదగ్గదే. వరుస మారిన ప్రతిసారీ మనసు దాన్ని మళ్లీ వెతికి తెచ్చుకోవాలి. ఆ వెతుకులాటే గట్టిపడుతుంది. క్లాసులో ఆ రోజు బాగా పాడటం, పాఠం నిజంగా రావడం ఒకటి కాదు. అందుకే కిందటి వారం పాఠాన్ని ముందు అప్పజెప్పించుకుని ఆ తర్వాతే కొత్తది చెప్పే టీచరు సరైన పని చేస్తున్నట్టు.

## నెమ్మది సరిపోని చోటు

నెమ్మదిని పూజించడం కూడా దెబ్బతీస్తుంది. నడకను ఎంత వేగం చేసినా పరుగు కాదు. పరుగులో రెండు పాదాలూ నేలను వదిలే క్షణం ఒకటుంటుంది, నడకలో అది లేదు. సంగీతంలోనూ కొన్ని కదలికలు అలాంటివే. వయొలిన్ కమానును నెమ్మది కాలంలో మోచేయి, భుజం నడిపిస్తే, వేగ కాలంలో పని ఎక్కువగా మణికట్టు మీద పడుతుంది. మృదంగంలో వేళ్ల తిరుగుడు వేగంలోనే దాని రూపం సంతరించుకుంటుంది. గమకాలను, అంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికే తీరును, విడదీసి స్వరం స్వరంగా పాడితే అవి గమకాలుగా మిగలవు. ఏడాది పాటు మొదటి కాలంలోనే ఉంచిన విద్యార్థి వేగానికి అవసరమైన కదలికను అసలు మొదలే పెట్టడు.

పాత క్రమంలో దీనికి పరిష్కారం ఉంది. ఒకసారి కూర్చున్న పాఠంలోనే మూడు కాలాలూ వస్తాయి. నిదానంలో సరిచేసుకున్నది వేగంలో పరీక్షకు నిలుస్తుంది, అక్కడ విరిగితే మళ్లీ కిందికి వస్తారు. సంప్రదాయం నెమ్మదిని ఒక మెట్టుగానే చూసింది. దాన్నే గమ్యంగా మార్చింది, లేదా వదిలేసి నేరుగా మూడో కాలానికి పరుగెత్తింది, తర్వాతి వాళ్లే. వేగం అందనప్పుడు నాలుగు స్వరాలను మాత్రమే వేగంగా పలికి ఆగడం, మళ్లీ తర్వాతి నాలుగు అందుకోవడం చాలామంది వాద్య కళాకారులు వాడే మార్గం.

రెండో ప్రమాదం మనసు లేని సాధన. టీవీ చూస్తూ వేళ్లు కదిలించడం, "యాభై సార్లు అయింది" అని లెక్క పెట్టుకోవడం. దృష్టి లేనప్పుడు తప్పు వినబడదు, వినబడని తప్పు యాభైసార్లూ జరుగుతుంది. మూడోది శరీరం. ఎక్కువ గంటలు, బిగుసుకున్న చేతితో వాయిస్తే మణికట్టు, భుజం నొప్పులు వస్తాయి. వేళ్ల మీద అదుపు తప్పే డిస్టోనియా అనే సమస్య వృత్తి వాద్యకారుల్లో కనిపిస్తుంది. నొప్పిని సాధనకు గుర్తుగా భావించే ధోరణి పిల్లల విషయంలో ప్రత్యేకంగా హానికరం.

## ముదిరిన అలవాటును విప్పడం

కొత్తది నేర్చుకోవడం కన్నా, వచ్చిన దాన్ని విప్పి మళ్లీ కట్టుకోవడం కష్టం. గుంటూరు ప్రాంతానికి దగ్గరగా దీనికి గొప్ప ఉదాహరణ ఒకటుంది. నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా (1924–1999) ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, చిలకలూరిపేట సంప్రదాయంలో శిక్షణ పొందారు. అప్పటికే వాద్యం చేతిలో ఉన్న వ్యక్తి. తంజావూరు బాణీ మీద మనసుపడి తమిళనాడు వెళ్లి, నాచ్చియార్‌కోవిల్ సోదరుల దగ్గర మళ్లీ శిష్యుడిగా నేర్చుకున్నారు. శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది.

బాణీ మారడమంటే ఊపిరి వదిలే తీరు, గమకం తీసే తీరు, పదబంధాన్ని ముగించే తీరు మారడం. ఇవన్నీ మూడో దశలోకి, ఆలోచన అక్కర్లేని చోటికి చేరిపోయిన పనులు. వాటిని మార్చాలంటే మళ్లీ ఆలోచించి చేసే దశకు తేవాలి, అంటే మళ్లీ నెమ్మది కావాలి. ఆ కొన్నాళ్లు పాతదీ సరిగా రాదు, కొత్తదీ రాదు. టీచరు మారిన పిల్లలు రెండు మూడు నెలలు వెనక్కి పోయినట్టు కనిపించడం కూడా చాలాసార్లు ఇలాంటిదే. ఆ సమయంలో కంగారుపడి మళ్లీ టీచరును మార్చేస్తే కట్టు విప్పడమే మిగులుతుంది.

## వరుసల నుంచి కల్పనకు

అదే పనిగా వల్లె వేయిస్తే పిల్లల్లో సృజన చచ్చిపోదా అన్న అనుమానం సహజం. దీనికి జవాబు తెలుగువారి సొంత కళ అవధానంలో, అంటే పృచ్ఛకులు (ప్రశ్నలు వేసేవారు) పెట్టే షరతులకు లోబడి అప్పటికప్పుడు పద్యం చెప్పడంలో, స్పష్టంగా కనిపిస్తుంది. ఉత్పలమాల పాదానికి భ-ర-న-భ-భ-ర-వ గణాలు, 20 అక్షరాలు, పదో అక్షరం యతి. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు ప్రతి అక్షరం తర్వాత ఏ అక్షరం రాకూడదో చెబుతుంటాడు. అవధాని ఆ అడ్డంకిని దాటుతూ అర్థవంతమైన పద్యం నడిపించాలి. మధ్యలో దత్తపది, సమస్య, అప్రస్తుత ప్రసంగం లాంటి ఇతర పరీక్షలు. గణాలను వేళ్ల మీద లెక్కపెట్టుకునే స్థితిలో ఉన్నవారికి ఇది సాధ్యం కాదు. ఛందస్సు నడక నాలుక మీదికి వచ్చేశాక, మనసులో ఖాళీ అయిన చోటు అంతా భావానికి, చమత్కారానికి దొరుకుతుంది.

సంగీతంలో కల్పన స్వరాలదీ ఇదే మార్గం. కచేరీలో అప్పటికప్పుడు అల్లే స్వరాల్లో జంటలు, దాటులు, అలంకారాల ముక్కలే రాగానికి తగిన రూపంలో తిరుగుతుంటాయి. ఒకేసారి మనసు పట్టుకోగలిగే విషయాలు కొన్నే. ఎనిమిది స్వరాలు ఎనిమిది విషయాలుగా ఉన్నంతకాలం ఊహకు చోటుండదు, అవి ఒకే గుత్తిగా మారినప్పుడే ఉంటుంది. అయితే వరుసలు వస్తే కల్పన దానంతట అదే వస్తుందనడం సరికాదు. ఎంతో శ్రుతిశుద్ధంగా వర్ణాలు పాడేవారు రెండు ఆవర్తనాల స్వరం సొంతంగా వేయలేకపోవడం ఉంది. కల్పనకు విడిగా సాధన కావాలి, ముందు వరుసల్లోనే చిన్న మార్పులు చేసి పాడమని పిల్లలకు అవకాశం ఇస్తే అది తొందరగా మొదలవుతుంది. ఈ విషయంలో చాలా క్లాసులు అవసరానికి మించి ఆలస్యం చేస్తున్నాయి.

## గురుకులం నుంచి వారానికి రెండు క్లాసులకు

విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు (1883–1951) శిష్యులకు పాఠం చెప్పిన తీరు గురుకుల పద్ధతి. త్యాగరాజు నుంచి మానంబుచావడి వెంకటసుబ్బయ్య, సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి మీదుగా వచ్చిన పరంపర ఆయనది. బాలమురళీకృష్ణ, 2021లో పద్మశ్రీ అందుకున్న వయొలిన్ విద్వాంసుడు అన్నవరపు రామస్వామి ఆ శిష్యుల్లో వారు. గురుకులంలో శిష్యుడు తన పాఠం కన్నా ఎక్కువగా ఇతరుల పాఠం వింటాడు. పెద్ద శిష్యుల తప్పులను గురువు దిద్దుతుంటే ఆ దిద్దుబాటు కూడా చెవిన పడుతుంది. తన తప్పు వంటింట్లోంచి కూడా ఎవరో ఒకరు పట్టుకుంటారు.

ఆ పద్ధతి అందరికీ అందేది కాదు. గురువు ఇంట్లో ఉండగలిగే మగపిల్లలకే ఎక్కువగా సాధ్యమైంది, ఇంటి చాకిరీ కూడా అందులో భాగం. ప్రభుత్వ కళాశాల రావడం, ఇంటి దగ్గర క్లాసులు పెరగడం వల్ల ఎంతోమంది ఆడపిల్లలకు, మామూలు కుటుంబాల పిల్లలకు సంగీతం అందింది. ఇప్పుడు ఘంటసాల పేరుతో ఉన్న విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ కూడా గురుకులంలో తయారైన బాలమురళీకృష్ణే.

పోయింది ఏమిటో లెక్క వేస్తే తెలుస్తుంది. గంట క్లాసులో పదిమంది ఉంటే, ఒక్కొక్కరు విడిగా పాడే వంతు ఆరు నిమిషాలకు మించదు. వారానికి రెండు క్లాసులు, పన్నెండు నిమిషాలు. మిగతా వారమంతా ఇంట్లో చేసే సాధనను వినే చెవి లేదు. నెమ్మదిగా పాడినా, రోజూ పాడినా, తప్పును తప్పుగా గుర్తించేవారు లేకపోతే గట్టిపడేది తప్పే. ఆన్‌లైన్ క్లాసుల్లో శబ్దం కొంత ఆలస్యంగా చేరడం వల్ల గురువు, శిష్యుడు కలిసి తాళం వేయడం కూడా కష్టమవుతుంది.

ఈ లోటును కొంతవరకు పూడ్చేది ఇంట్లో ఉన్న ఫోనే. పిల్ల పాడింది రికార్డు చేసి, వెంటనే కాకుండా మర్నాడు వినిపిస్తే ఉపయోగం ఎక్కువ. పాడేటప్పుడు పాడటంలోనే ఉన్న మనసు, మర్నాడు కేవలం వింటుంది. గాలిలో మాయమైన తప్పు కొండపల్లి బొమ్మ ముక్కులా ఎదుట నిలబడుతుంది. పక్కన శ్రుతి పెట్టె మోగుతుంటే జారిన చోటు ఇంకా తేలిగ్గా దొరుకుతుంది. అమ్మానాన్నలకు సంగీతం రాకపోయినా ఫర్వాలేదు. "ఎన్నిసార్లు పాడావు?" అనే బదులు "నిన్న ఎక్కడ తప్పింది?" అని అడిగితే చాలు.

క్లాసును అంచనా వేయడానికీ ఇలాంటివే చూడాలి. టీచరు ఒక్కొక్కరినీ విడిగా పాడిస్తున్నారా? తప్పు వచ్చిన స్వరం దగ్గరే ఆపుతున్నారా, వరుస మొత్తం మళ్లీ పాడమంటున్నారా? మూడు కాలాలూ ఒకే పాఠంలో వస్తున్నాయా? ఇవి జరుగుతుంటే ఆరు నెలల సరళీ వరుసల గురించి దిగులు అక్కర్లేదు. జరగకపోతే నెల రోజుల్లో పది పాటలు నేర్పినా, రెండేళ్లు వరుసల్లోనే ఉంచినా ఒకటే.

పిల్లలో మార్పు కూడా ముందు పాటలో కనిపించదు. ఒకరోజు రికార్డింగ్ వింటూ, ఎవరూ చెప్పకుండానే, "ఇక్కడ గాంధారం కిందికి పోయింది" అని ఆపుతుంది. అప్పటిదాకా ఆ పని టీచరు చెవి చేసింది.